దాణాలో చిటికెడు మందు

ఆదివారం పొద్దున్న కోడికూర పొయ్యిమీద పెడుతూ మా అత్తగారు అడిగారు: "అమ్మాయ్, ఈ కాలం కోళ్లు నలభై రోజులకే ఇంత బరువు ఎలా తూగుతాయే?" పాపం, ఆవిడ పెంచిన కోళ్లు నూకలూ పురుగులూ ఏరుకు తిని తీరుబడిగా పెరిగేవి.

ఏరికోరి వృద్ధి చేసిన జాతి, తూచి పెట్టే దాణా - ముఖ్య కారణాలు ఇవే. కానీ ఆ దాణా చరిత్రలో ఓ చిటికెడు మందు కథ కూడా ఉంది. అది మొదలైన చోట మన తెలుగాయన ఒకరు ఉన్నారు.

ఆయన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అమెరికా వెళ్లి, తర్వాత లెడర్లీ సంస్థ పరిశోధనలకు అధిపతి అయ్యారు. ఆయన హయాంలోనే డగ్గర్ అనే డెబ్బై దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని ఓ సూక్ష్మజీవి నుంచి బంగారు రంగు మందు తీశాడు. అదే ఆరియోమైసిన్. 1948లో ఆ మందు లోకానికి తెలిసిన కొద్దివారాలకే సుబ్బారావుగారు 53 ఏళ్లకే కన్నుమూశారు. తర్వాత జరిగిందేదీ ఆయన చూడలేదు.

అదే సంస్థలో టామస్ జూక్స్ అనే ఆయన కోడిపిల్లలకు చవకగా బలమిచ్చే దినుసు కోసం వెతుకుతున్నాడు. నూనె తీశాక తెలకపిండి గేదెకు పెడతాం చూడండి, అలాగే ఆరియోమైసిన్ తీయగా మిగిలిన పిప్పిని పిల్లలకు పెట్టాడు. 1948 క్రిస్మస్ నాడు పనివాళ్లకు సెలవు. తనే కూర్చుని తూచాడు. పిప్పి తిన్నవి బాగా బరువెక్కాయి! అందులో మిగిలిపోయిన కాస్త మందు మహిమ అది. 1950లో ఈ సంగతి ప్రకటించారు. 1951లో అమెరికా ప్రభుత్వం సరేనంది. అలా జబ్బులేని కోడికి, పందికి, దూడకు రోజూ మందు మేత అయింది.

ఇందులో తప్పేమిటంటారా? పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి అందుకుంటూ ఓ సంసారం కథ చెప్పాడు. ఒకాయన గొంతునొప్పికి పెన్సిలిన్ కొని అరకొరగా వేసుకున్నాడు. క్రిములు చావలేదు సరికదా, మందును తట్టుకోవడం నేర్చాయి. అవే ఆయన భార్యకు అంటుకున్నాయి. ఆమెకు పెన్సిలిన్ ఇచ్చినా పనిచేయలేదు. ఆ ఇల్లాలు చనిపోయింది. దాణాలో చిటికెడు మందు వేయడమంటే క్రిములకు రోజూ ఆ పాఠమే చెప్పడం.

1969లో బ్రిటన్‌లో స్వాన్ సంఘం హెచ్చరించింది. 1986లో స్వీడన్ బరువు కోసం మందులు కలపడం మానిపించింది. 2006లో యూరోపియన్ యూనియన్ దేశాలన్నీ అదే దారి పట్టాయి. మనుషుల వైద్యానికి ముఖ్యమైన మందుల విషయంలో అమెరికా 2017లో కళ్లు తెరిచింది. ఏ మందూ పనిచేయనప్పుడు ఆసుపత్రిలో ఆఖరి ఆశగా ఇచ్చే కొలిస్టిన్‌ను కూడా కోళ్లకు, పందులకు పెట్టారు. ఆ మందును తట్టుకునే గుణం ఒక క్రిమి నుంచి మరో క్రిమికి చేరగలదని 2015లో చైనా శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. 2019లో మన దేశం పశువులకూ కోళ్లకూ కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది.

అంతా విని అత్తగారు, "అయితే కూర మానేద్దామా?" అన్నారు. అక్కర్లేదు. బాగా ఉడికితే క్రిములు చస్తాయి. పచ్చిమాంసం కోసిన కత్తిపీటతో కూరముక్కలు తరక్కుండా, చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలావరకు నిశ్చింత.

"మరి అదో?" అంటూ అలమర చూపించారావిడ. పోయిన నెల మా అబ్బాయి జ్వరానికి డాక్టరుగారు రాసిన మాత్రల్లో మిగిలిన మూడు అక్కడ ఉన్నాయి. జ్వరం తగ్గిందని నేనే ఆపేశాను.

జూక్స్‌గారిని అంతసేపు తప్పుపట్టిన నోరు టక్కున మూతపడింది.