వేలికి లెక్క ఉంది, హాస్పిటల్ బిల్లుకి లేదు: 86 ఏళ్ల కథ

ఈ రోజు కథ ఒక ఫోన్ కాల్‌తో మొదలవుతుంది.

నేను హైదరాబాద్‌లో జాబ్ చేసేటప్పుడు మా టీమ్ పని అమెరికా మెడికల్ బిల్లుల సాఫ్ట్‌వేర్. అక్కడ పనిలో దెబ్బ తగిలినవాళ్ల హాస్పిటల్ బిల్లులు మా స్క్రీన్ మీదకి వచ్చేవి. డాక్టర్ ఎంత అడిగాడు, ఇన్సూరెన్స్ కంపెనీ ఎంత కోసింది, ఎందుకు కోసింది, అన్నీ కోడ్‌లే.

ఒక రోజు ఊరి నుంచి మా అన్న, అంటే పెదనాన్న కొడుకు, ఫోన్ చేశాడు. పది మంది కూడా లేని ఒక చిన్న వర్క్‌షాప్‌లో పని. మెషిన్‌లో బొటనవేలు పోయింది. "ఓనరు బిల్లులో సగమే ఇస్తానంటున్నాడ్రా. నువ్వు బిల్లుల ప్రాజెక్టే కదా, చట్టప్రకారం ఎంత రావాలో చెప్పు" అన్నాడు.

కాలిఫోర్నియా రూల్ నాకు నోటికి వచ్చు. మన రూల్ తెలీదు. సిగ్గేసింది. అప్పుడు చదవడం మొదలుపెట్టా.

ముందు జర్మనీ వెళ్దాం. బిస్మార్క్ హయాంలో 1883లో అనారోగ్య బీమా, 1884లో ప్రమాద బీమా చట్టాలు వచ్చాయి. పనిలో దెబ్బ తగిలితే మొదటి 13 వారాలు అనారోగ్య నిధి చూసుకుంటుంది, ఆ తర్వాత ప్రమాద బీమా. అంటే వైద్యం మొదటి నుంచీ స్కీమ్ లోపలే ఉంది.

బ్రిటన్ రూటు వేరు. 1897 చట్టంలో యజమాని ఇవ్వాల్సింది పోయిన కూలికి పరిహారం. వైద్యం ఖర్చు ఆ లెక్కలో లేదు.

మనకి వచ్చింది ఏ మోడల్? పాలించింది ఎవరో మీకు తెలుసు కదా. 1923లో వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టం చేశారు, 1924 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. యజమాని తప్పు ఉందని కార్మికుడు నిరూపించక్కర్లేదు. సివిల్ కోర్టు చుట్టూ తిరగక్కర్లేదు. వివాదం తేల్చడానికి కమిషనర్ అని ప్రత్యేకంగా ఒక అధికారిని పెట్టారు. మన రెండు రాష్ట్రాల్లో కార్మిక శాఖ అధికారులే ఆ కుర్చీలో కూర్చుంటూ వచ్చారు.

ఆ చట్టంలో శరీరానికి ఒక పట్టిక ఉంటుంది. బొటనవేలు పోతే సంపాదన శక్తిలో 30 శాతం నష్టం, చెయ్యి పోతే 60 శాతం. చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది కానీ లెక్క మాత్రం పక్కా. వయసు 25, నెల జీతం 12,000 అనుకోండి. జీతంలో 60 శాతం అంటే 7,200. దాన్ని ఆ వయసుకి ఇచ్చిన 216.91తో గుణించాలి. వచ్చినదాంట్లో 30 శాతం తీసుకుంటే 4 లక్షల 68 వేలు దాటుతుంది. క్యాలిక్యులేటర్ ఉంటే ఎవరైనా వేసేయొచ్చు.

మరి ఆ వేలికి కట్టు కట్టిన డాక్టర్ ఫీజు? సున్నా. చట్టంలో దానికి హక్కే లేదు.

ఇంకో తమాషా చూడండి. డాక్టర్ ఆ చట్టంలో లేకపోలేదు. ప్రమాదం గురించి నోటీస్ ఇచ్చాక మూడు రోజుల్లో యజమాని తన ఖర్చుతో కార్మికుణ్ణి డాక్టర్‌కి చూపించొచ్చు. కార్మికుడు ఆ పరీక్షకి ఒప్పుకోకపోతే హక్కు ఆగిపోతుంది. అంటే దెబ్బ ఎంత తగిలిందో కొలవడానికి డాక్టర్ ఉన్నాడు, దాన్ని నయం చేసినందుకు ఫీజు మాత్రం లేదు!

దీనికి ఒక జవాబు 1948లో ఈఎస్ఐ చట్టం రూపంలో వచ్చింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూర్, ఢిల్లీలో స్కీమ్ మొదలైంది. చందా కడతారు, హాస్పిటల్ స్కీమ్‌దే, కాబట్టి మామూలుగా బిల్లు గొడవే రాదు. కానీ అది అందరికీ లేదు. మా అన్న పనిచేసేలాంటి చిన్న షాపులు బయటే ఉండిపోయాయి.

అలా ఏళ్లు గడిచి 2009 వచ్చింది. ఆ ఏడాది సవరణలో ఒక్క వాక్యం చేర్చారు: పనిలో తగిలిన గాయాల చికిత్సకి అయిన అసలు ఖర్చు యజమాని తిరిగి ఇవ్వాలి. కేసు మూడు నెలల్లో తేల్చాలని కూడా రాశారు. 2010 జనవరి 18 నుంచి అమలు. చట్టం పుట్టాక 86 ఏళ్లకి డాక్టర్ బిల్లు లోపలికి వచ్చింది.

సరే, గెలిచాం అనుకుంటాం కదా? ఇక్కడే అసలు గొడవ. "అసలు ఖర్చు" అన్నారు, రేట్ల పట్టిక మాత్రం ఇవ్వలేదు. వేలికి శాతం ఉంది, సర్జరీకి రేటు లేదు. అందుకే ఓనరు "అంత పెద్ద హాస్పిటల్‌కి ఎందుకెళ్లావ్" అంటాడు, కార్మికుడు "అదే దగ్గర్లో ఉంది" అంటాడు. కమిషనర్ ముందు బిల్లులు, సాక్ష్యాలే మాట్లాడాలి.

ఇప్పుడు మా స్క్రీన్ మీద ఉన్న కాలిఫోర్నియా చూడండి. అక్కడ ప్రభుత్వమే ఫీజుల పట్టిక పెట్టింది. ఇన్సూరెన్స్ కంపెనీ బిల్లు కోస్తే డాక్టర్ 90 రోజుల్లో మళ్లీ చూడమని అడగాలి. అప్పుడూ తేలకపోతే 30 రోజుల్లో బయటి సమీక్షకి వెళ్లాలి. 2012లో చేసిన చట్టంతో 2013 నుంచి ఈ పద్ధతి వచ్చింది. అంతకుముందు ఈ ఫీజు తగాదాలన్నీ కార్మికుల కేసుల మీదే పడి అక్కడి అప్పీల్ బోర్డుని ముంచేశాయి. ముఖ్యమైన పాయింట్ ఏంటంటే, ఆ ఫీజు కోసం డాక్టర్ కార్మికుణ్ణి అడగకూడదు. కొట్లాట డాక్టర్‌కీ ఇన్సూరెన్స్‌కీ మధ్య.

అలాగని అది స్వర్గం అనుకోకండి. "అసలు ఈ ట్రీట్‌మెంట్ అవసరమా" అనే గొడవ అక్కడ వేరే ఉంది, అందులో నలిగేది కార్మికుడే. కానీ ఫీజు దగ్గర మాత్రం తేడా స్పష్టం. అక్కడ బిల్లు పట్టుకుని లైన్లో నిలబడేది డాక్టర్. ఇక్కడ చేతికి కట్టుతో నిలబడేది మనవాడు, అది కూడా అప్పు చేసి ముందే డబ్బు కట్టేసి.

2025 నవంబర్ 21 నుంచి పాత చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. అందులోనూ చికిత్సకి అయిన అసలు ఖర్చు ఇవ్వాలనే ఉంది. హక్కు ఉంది, మంచిదే. కానీ ఆ ఖర్చు రుజువు చేయాల్సింది ఎవరు? మళ్లీ మనవాడే.

మా అన్న సంగతి చెప్పలేదు కదా. హాస్పిటల్ బిల్లు ఉంది. మందుల షాపువాడు తెల్ల కాగితం మీద రాసిచ్చిన చీటీలు ఉన్నాయి. అంబులెన్స్‌కి రసీదే లేదు. ఓనరు వాటినే పట్టుకున్నాడు. అన్న విసిగిపోయి సగానికే ఒప్పుకున్నాడు. నేను ఆ చట్టం చదివి ఫోన్ చేసేసరికి సంతకం కూడా అయిపోయింది.

అందుకే మీ ఇంట్లో ఎవరైనా వర్క్‌షాప్‌లోనో, బిల్డింగ్ పనిలోనో ఉంటే ఒక్క పని చేయండి. దెబ్బ తగిలిన రోజే ఓనరుకి రాసి ఇచ్చి, ఒక కాపీ దగ్గర పెట్టుకోండి. ప్రతి మందుకీ అసలు బిల్లు అడగండి. డిశ్చార్జ్ సమ్మరీతో పాటు అన్నిటినీ అదే రోజు ఫోన్‌లో ఫోటో తీయండి. సంతకం పెట్టేముందు ఒకసారి లేబర్ ఆఫీస్‌కి వెళ్లి అడగండి. ఆ ఒక్క వాక్యం చట్టంలోకి రావడానికి 86 ఏళ్లు పట్టింది ఫ్రెండ్స్. ఒక రసీదు లేదని దాన్ని వదులుకోవద్దు.