షోలాపూరు మగ్గములు: నిలిచిన యిండ్లు, చితికిన యిండ్లు

షోలాపూరు తెలుగువారి ప్రస్తావన వచ్చినపుడు మన సభలలో రెండు మాటలు తప్పక వినబడును. కష్టపడినవాడు పైకి వచ్చెను, సోమరి క్రుంగెను అనునది ఒకటి. అంతయు లలాటలిఖితము అనునది రెండవది. రెండును వినుటకు ఇంపైనవే. కాని ఒకే జిల్లానుండి, ఒకే కులమునుండి, ఒకే పనితనముతో వచ్చిన రెండు కుటుంబములలో ఒకటి కొన్ని యేండ్లకు కార్ఖానా పెట్టి, రెండవది ఆ కార్ఖానాలోనే కూలికి నేయుచుండుటకు ఈ మాటలు చాలిన సమాధానము కావు. మగ్గము మీద వంగినవారందరును కష్టపడినవారే గదా.

నిజాము రాజ్యములోని కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, మహబూబునగరము ప్రాంతముల పద్మశాలీలు షోలాపూరు చేరుట ఒక్కనాటి ముచ్చట కాదు. పందొమ్మిదవ శతాబ్దములో ఆ ప్రవాహము బలపడెను. 1860లో బొంబాయి రైలు అచ్చటికి వచ్చెను. 1876-78 నాటి కరవు దక్కనునంతను పీడించెను. ఆ దశకములోనే షోలాపూరు స్పిన్నింగు అండ్ వీవింగు కంపెనీ, జనులందరు జూనీ మిల్లు అని పిలుచునది, వెలసెను. మిల్లు వచ్చినచోట చేమగ్గము చావవలెనని చదువుకొన్నవారి లెక్క. ఇచ్చట అట్లు జరుగలేదు. మిల్లు నూలు నేతగానికి దగ్గరలోనే దొరకెను. మిల్లు బట్ట మాత్రము వాని చీరకు సాటి రాలేకపోయెను.

కారణము మహారాష్ట్ర స్త్రీ కట్టు తొమ్మిది గజముల చీర. దాని అంచు, కొంగు, రంగు ఒక్కొక్క ప్రాంతమున ఒక్కొక్క తీరు. మిల్లునకు ఒకే రకము వేల గజములు పోవలెను. మగ్గమువాడు పడుగు మార్చినప్పుడెల్ల అంచు మార్చగలడు. తెలంగాణమునుండి వచ్చినవాడు మరాఠీ ఇల్లాలి రుచి ముందుగా నేర్వవలసియుండెను. నేర్చినవాడు నిలిచెను. మా ఊర నేసినదే ఇచ్చటను నేయుదునని పట్టుపట్టినవానికి సంత దొరకలేదు.

ఇరువదవ శతాబ్దపు తొలి దశకములలో త్రాడు లాగగా నాడె పరుగెత్తు మగ్గము వ్యాపించెను. చేతితో నాడె విసరుటకంటె దానిపై పని త్వరగా సాగును. అందరికిని లాభమే అనిపించును. కాని నేత త్వరపడిన కొలది కండెలు త్వరగా చుట్టవలెను, పడుగు త్వరగా పోయవలెను, గంజి పెట్టవలెను, అచ్చు అతకవలెను. ఒంటి మగ్గపు ఇంటిలో ఈ పనులన్నియు ఆలుబిడ్డలవి. వారి చేతులు ఎన్ని? మగ్గము వేగముగలదే, పడుగు లేక ఖాళీగ నుండెను. పది మగ్గములున్నచోట పడుగు పనికి వేరుగ మనుష్యులను పెట్టుకొనిరి. ఒకే పనిముట్టు ఒకనికి లాభము తెచ్చుటకును, మరియొకనికి అంతగ తేకపోవుటకును ఇదియే రహస్యము.

నా మట్టుకు అన్నిటికంటె ముఖ్యముగ తోచునది వేరొకటి: సరకును నిలిపియుంచు శక్తి. చీరల గిరాకి ఏడాది పొడుగునా ఒకటిగ నుండదు. పెండ్లిండ్ల కాలములో మంచి ధర. వానకాలములో రైతు చేతిలో రూకలుండవు, చీర కదలదు. ఒంటి మగ్గపువానికి నేటి చీర నేడు అమ్మినగాని రేపటి నూలు రాదు. కనుక ఆషాఢములో వర్తకుడు చెప్పిన ధరకే ఇచ్చెను. నూలు అరువిచ్చువాడును చీర కొనువాడును ఒక్కడే అయినచో ఇక చెప్పవలసినది లేదు. నాలుగు రూకలు వెనకవేసినవాడు అదే ఆషాఢములో నేయించి, పెట్టెలో పెట్టి, మాఘములో అమ్మెను. రెండు చీరలలో పోగుల భేదము లేదు. అమ్మిన మాసములోనే ఉన్నది భేదమంతయు. కూర్చుండి తిన్న కొండలైన కరగునని మన సామెత. కొండయే లేనివాడు వానకాలము కూర్చుండుట ఎట్లు?

ఇట్లు మిగిలిన డబ్బు రెండవ మగ్గమాయెను, పదవ మగ్గమాయెను. ఆ మగ్గముల మీద కూర్చున్నదెవరు? వెనుక వచ్చిన మనవారే. ఊరినుండి దిగినవానికి కార్ఖానాదారు కొంత సొమ్ము ముందుగా ఇచ్చును. పెండ్లికో, చావుకో, అది ఖర్చగును. ఆ బాకీ తీరువరకు వేరొకచోటికి పోరాదు. పగలు మగ్గము, రాత్రి మగ్గము ప్రక్కనే పడక. యజమానికిని కూలికిని ఒకే భాష, ఒకే మార్కండేయుని గుడి, నారళీ పున్నమనాడు లాగు రథము ఒకటే. ఈ బంధుత్వము ఆపదలో ఆదుకొనినమాట నిజము. కూలి పెంచుమని అడుగుటకు నోరాడనీయనిదియు అదే. మన సంచికలలో కార్ఖానాదారుల చిత్రపటములు వేయుదుము. వారి పట్టుదలను తక్కువచేయుట నా ఉద్దేశము కాదు. కాని ఆ లెక్కపుస్తకమునకు రెండవ పుట కూడ కలదు.

ఆ పుటలో స్త్రీలున్నారు. మగ్గమింట కండెలు చుట్టినందుకు వారికి వేరుగ కూలి లేదు. బీడీలు చుట్టినందుకు మాత్రము కొంత చేతికి వచ్చెను. నేత నిలిచిన నెలలలో పెక్కు ఇండ్ల పొయ్యి ఆ బీడీ కూలితోనే రాజెను.

మరమగ్గము రెండవ ప్రపంచయుద్ధమునకు పూర్వమే తల యెత్తి, తరువాత విస్తరించెను. చేమగ్గములను క్రమముగ మరమగ్గములుగ మార్చవచ్చునని కానుంగో సంఘము (1952-54) సూచించునాటికే షోలాపూరు ఆ దారిని పట్టియుండెను. తొమ్మిది గజముల చీర కట్టువారు తగ్గుచుండగా, కొందరు అట్టల రంధ్రములతో పూలు దించు జకార్డు మగ్గము తెచ్చి చద్దరులకు, మరికొందరు తువాళ్లకు మరలిరి. ఆలస్యము చేసినవారు చీరలతోపాటు వెనుకబడిరి.

ఇంతలో జూనీ మిల్లు 1949లో మూతపడెను. 1950లో కేంద్రము దానిని చేపట్టెను. ఆ వ్యాజ్యము సుప్రీంకోర్టు వరకు పోయెను. 1963లో మిల్లు మరల మూతపడెను. పెద్దది పడిపోయి, చిన్నవి మిగిలినవి. చిన్నవారి నేర్పే దీనికి కారణమని గర్వపడుదుము, సగము నిజమే. మిగిలిన సగము 1948 నాటి ఫ్యాక్టరీల చట్టములో నున్నది. విద్యుచ్ఛక్తితో పనిచేయుచోట పదిమంది కార్మికులున్నచో ఆ చట్టము ఆనాడు వర్తించెడిది. ఒకే షెడ్డును అన్నదమ్ముల పేర, కోడండ్ల పేర పంచి, ఒక్కొక్క పేరున పదికి లోపు చూపుట మరమగ్గములున్న ఊళ్లలో పాత యుక్తియే. మిల్లునకు ఆ వెసులుబాటు లేకపోయెను.

షోలాపూరు చద్దరునకు, తువాలునకు 2005-06లో భౌగోళిక గుర్తింపు లభించెను. అయినను పరప్రాంతపు చౌక చద్దరు అదే పేర అమ్ముడుపోవుట ఆగలేదు. నాలుగు మగ్గములవాడు ఎచ్చటికి పోయి వ్యాజ్యము వేయగలడు? కొందరు ఎగుమతి తువాళ్లతో, మరికొందరు యూనిఫారముల కుట్టుపనితో నిలదొక్కుకొనినారు.

బీడీ కార్మికురాండ్రు మాత్రము వేరొక దారి పట్టిరి. ఆడం నర్సయ్యగారి నాయకత్వమున సంఘముగ కూడి, ప్రభుత్వముల సాయమునకు తమ వాటా సొమ్ము చేర్చి, కుంభారి వద్ద 10,000 ఇండ్లు కట్టించుకొనిరి. 2006లో అవి వారి చేతికి వచ్చినవి. గోదూతాయి పరుళేకరు పేర వెలసిన ఆ వాడలో నేడును పెక్కు గడపలలో తెలుగే వినబడును.