కరెంటు పెడితే వైరస్ చస్తుందా? ల్యాబ్‌లో తేలింది ఎంత?

చేతికి రెండు తీగలు కట్టుకుంటే చాలు, రక్తంలోని వైరస్ చచ్చిపోతుందంటూ కొన్ని యంత్రాలు ఆన్‌లైన్‌లో అమ్ముతుంటారు. దీనికి ఆధారంగా న్యూయార్క్‌లో జరిగిన ఒక ప్రయోగాన్ని చూపిస్తారు. ఆ ప్రయోగం జరిగిన మాట నిజమే. కానీ అందులో తేలింది వేరు, అమ్మేవాళ్లు చెప్పేది వేరు.

ప్రయోగం ఏమిటి?
ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ వైద్య కళాశాలలో విలియం లైమన్, స్టీవెన్ కాలీ అనే పరిశోధకులు హెచ్‌ఐవీ ఉన్న ద్రవంలోకి 50 నుంచి 100 మైక్రోఆంపియర్ల కరెంటును కొన్ని నిమిషాల పాటు పంపారు. చిన్న ఇండికేటర్ లైటుకు పట్టే 20 మిల్లీఆంపియర్లలో ఇది 200వ వంతు కూడా దాటదు. ఆ తర్వాత అదే వైరస్‌ను కణాలతో కలిపి చూస్తే, దాని సోకే శక్తి 95 శాతం వరకు తగ్గిందని 1991లో పత్రికల్లో వచ్చింది. 1992లో కాలీకి అమెరికా పేటెంట్ కూడా దక్కింది. అయితే పేటెంట్ అంటే ఆలోచన కొత్తదని ఇచ్చే హక్కు మాత్రమే, రోగం నయమవుతుందనే హామీ కాదు.

కరెంటు ఏం చేస్తుంది?
ఉప్పు ఉన్న ద్రవంలో డీసీ కరెంటు పారితే ఎలక్ట్రోడ్‌ల దగ్గర క్లోరిన్ లాంటివి పుడతాయి. ఇవి వైరస్ ప్రోటీన్లను దెబ్బతీయగలవు. ఉప్పునీళ్లలో కరెంటు పంపి, అలా వచ్చిన క్లోరిన్‌తో తాగునీటిని శుద్ధి చేసే పద్ధతి చాలాచోట్ల వాడుకలో ఉంది.

మరి ఒంట్లో?
ల్యాబ్‌లో ఉన్నది కొద్దిపాటి ద్రవం, ఎలక్ట్రోడ్‌లు నేరుగా అందులోనే ఉంటాయి. మనిషి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. పైగా చర్మం కరెంటును అడ్డుకుంటుంది, లోపలికి వెళ్లింది కూడా కండరాల్లోకి చెదిరిపోతుంది. అన్నిటికంటే ముఖ్యం, హెచ్‌ఐవీ రక్తంలో తేలుతూ మాత్రమే ఉండదు. సీడీ4 కణాల డీఎన్‌ఏలో కలిసిపోయి, లింఫ్ గ్రంథుల్లో ఏళ్ల తరబడి దాక్కుంటుంది.

ప్రమాదం ఎక్కడ?
యంత్రానికి పెట్టిన డబ్బు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు. దాన్ని నమ్మి మందులు మానేస్తేనే అసలు ముప్పు. మాత్రలు ఆపిన చాలామందిలో కొన్ని వారాల్లోనే వైరస్ మళ్లీ పెరుగుతుంది. రోజూ వేసుకుంటే మాత్రం పరీక్షలో కనబడనంతగా తగ్గుతుంది. మన దేశంలో 2004 నుంచి ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాల్లో ఈ మందులు ఉచితంగానే ఇస్తున్నారు. ఎవరు ఏ యంత్రం గురించి చెప్పినా, ముందు అక్కడి డాక్టర్‌ను అడగాలి. అడిగేలోపు ఒక్క పూట మాత్ర కూడా ఆపకూడదు.