కలుపుకోవడం వేరు, కల్తీ వేరు: మన తాగుడు చరిత్రలో ఒక పాఠం



పోయిన ఆదివారం మీటింగులో వనభోజనాల సంగతి వచ్చినప్పుడు కుర్రాళ్ళు ఒక మాట అడిగారు. "టేబుల్ మీద కూల్‌డ్రింకులు, కారు డిక్కీలో బీరు సీసాలు. ప్రతి ఏడూ ఈ దాగుడుమూతలు ఎందుకు కాకా?" సగం మంది నవ్వారు, సగం మంది ముఖం తిప్పుకున్నారు. జవాబు మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన వయసు మాది కాబట్టి, నలుగురం కూర్చుని మాట్లాడుకున్నది ఇక్కడ రాస్తున్నాం. కొంచెం పొడుగు. తీరిగ్గా చదవండి.

ముందే ఒక మాట. తాగని వాళ్ళను తాగమని చెప్పడానికి రాయడం లేదు. మనలో సగం ఇళ్ళలో చుక్క ముట్టరు, అది మంచిదే. తాగేవాళ్ళు ఏం తాగుతున్నారో, అందులో ఏం కలుస్తోందో తెలుసుకుని తాగాలన్నదే మా తాపత్రయం.

పానీయాలు కలుపుకుని తాగడం సినిమాల్లో చూసి నేర్చుకున్న ఫ్యాషన్ అనుకుంటాం. కానీ ఆ కథలో మన తెలుగు నేల పేరు మొదట్లోనే ఉంది. నేటి బాపట్ల జిల్లాలోని నిజాంపట్నాన్ని ఇంగ్లీషువాళ్ళు పెటపోలి అనేవారు. ఈస్టిండియా కంపెనీ ఓడ 1611లోనే అక్కడ లంగరు వేసింది. 1632లో రాబర్ట్ ఆడమ్స్ అనే కంపెనీ మనిషి, పెటపోలిలో పనిచేస్తున్న థామస్ కోలీకి ఒక ఉత్తరం రాస్తూ, 'పంచ్' తాగడం గురించి ఒక మాట అన్నాడు. ఇంగ్లీషులో ఆ పానీయం పేరు కనిపించే మొదటి రాత అదేనంటారు. సారా, నిమ్మరసం, చక్కెర, నీళ్ళు, మసాలా దినుసు, ఈ ఐదూ కలుస్తాయి కాబట్టి 'పాంచ్' నుంచి పంచ్ వచ్చిందని ఎక్కువమంది చెప్పే మాట. కాదు, పీపాకు ఉన్న ఇంగ్లీషు పేరు నుంచి వచ్చిందనే వాదన కూడా ఉంది. పేరు ఎలా వచ్చినా పద్ధతి చూడండి. ఘాటు సారాను నీళ్ళతో, నిమ్మతో పలచన చేసి, పెద్ద గిన్నెలో అందరి ముందూ కలిపి, అందరూ అందులోంచే తాగారు. కలిపేది ఎవరో, వేసేది ఏమిటో అందరికీ కనబడేది.

బీరు విషయంలోనూ ఇదే తోవ. ఇంగ్లండులో బీరులో అల్లం పానీయం కలిపి 'షాండీగ్యాఫ్' అన్నారు. పందొమ్మిదో శతాబ్దం మధ్య నాటికే ఆ పేరు ఉంది, అదే కుదించుకుపోయి షాండీ అయింది. జర్మనీలో సగం బీరు, సగం నిమ్మ సోడా కలిపితే 'రాడ్లర్', అంటే సైకిల్ తొక్కేవాడు. మ్యూనిక్ దగ్గర కుగ్లర్ అనే హోటలాయన దుకాణానికి 1922లో ఒకరోజు పదమూడు వేల మంది సైకిళ్ళ మీద వచ్చిపడ్డారని, బీరు సరిపోక నిమ్మ సోడా కలిపి పోశాడని ఒక కథ చెబుతారు. ఆ పేరు అంతకుముందే వాడుకలో ఉంది కాబట్టి కథలో కొంత కోత ఉండవచ్చు. కానీ సైకిల్ తొక్కి ఇంటికి పోవాల్సినవాడికి పలచటి బీరు కావాలన్న తెలివి మాత్రం నిజం. బెర్లిన్‌లో పుల్లటి గోధుమ బీరులో పండ్ల పాకం పోసుకుంటారు. మెక్సికోలో గ్లాసు అంచుకు ఉప్పూ కారం అద్ది, నిమ్మకాయ పిండి, అందులో బీరు పోసి 'మిచెలాడా' అంటారు. ఉప్పూ కారం అంటే మనకు వేరే చెప్పాలా!

మన కల్లు సంగతి చూడండి. బీరు గింజ నుంచి వస్తే కల్లు చెట్టు నుంచి వస్తుంది. రెండూ పులిస్తేనే మత్తు, రెండింట్లోనూ అది తక్కువే. 'టాడీ' అనే ఇంగ్లీషు మాట కూడా మన దేశపు 'తాడీ' నుంచి పోయిందే. మా తాతల కాలంలో పొద్దున్నే లొట్టి దించిన గౌడాయనే మన ముందు దొప్పలో పోసేవాడు. ముందు భూమికి సాక, తర్వాత మనిషికి. పక్కన గుడాలు. చెట్టు ఎవరిదో, గీసింది ఎవరో, ఎప్పుడు దించారో ఊరందరికీ తెలుసు. తప్పు జరిగితే అడగడానికి ఒక మనిషి ఉండేవాడు.

ఆ తర్వాత ఏం జరిగిందో అర్థం కావాలంటే మన సరిహద్దు చరిత్ర తెలియాలి. నాందేడ్ 1948 దాకా నిజాం రాజ్యం. కల్లు, సారాల మీద వచ్చే ఆబ్కారీ సొమ్ము ఆ రాజ్యానికి పెద్ద ఆదాయం. 1956లో రాష్ట్రాలను భాషల వారీగా విడదీసినప్పుడు అప్పటిదాకా నాందేడ్ జిల్లాలో ఉన్న ముథోల్ తాలూకా అటు ఆదిలాబాద్‌కు పోయింది. కిన్వట్ ఇటు వచ్చింది. మనం బొంబాయి రాష్ట్రంలో కలిశాం. ఆ రాష్ట్రంలో 1949 నుంచే మద్య నిషేధ చట్టం ఉంది. 1959లో దాన్ని కొత్తగా కలిసిన ప్రాంతాలకూ విస్తరించారు. అంటే ఒకే కుటుంబం, ఒకే పండగ, గీత ఇవతల ఉన్నవాళ్ళకు తాగితే నేరం, అవతల ఉన్న మేనమామ ఇంట్లో కల్లు మామూలు.

తర్వాత మహారాష్ట్రలో నిషేధం మెల్లగా సడలింది, కానీ చట్టం పోలేదు. ఇప్పటికీ మన ఊళ్ళో బార్ల మీద 'పర్మిట్ రూమ్' అని బోర్డు ఉంటుంది కదా, అది ఆ చట్టం మిగిల్చిన గుర్తే. తాగేవాడికి పర్మిట్ ఉండాలన్నది నేటికీ రూలు. ఎంతమంది దగ్గర ఉందో మీకూ తెలుసు, మాకూ తెలుసు.

ఆ తర్వాత గాలి తిరగబడింది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన పోరాటం రాష్ట్రమంతా పాకి, ఆంధ్రప్రదేశ్‌లో 1993లో సారాను, 1995 జనవరి నుంచి మొత్తం మద్యాన్ని నిషేధించారు. 1997లో సడలించారు. ఆ రెండేళ్ళూ ధర్మాబాద్, దెగ్లూర్ వైపు సాయంత్రం బస్సులు ఎలా నిండేవో మాలో కొందరు కళ్ళారా చూశారు. ఆ పోరాటం చేసిన అక్కచెల్లెళ్ళను తప్పుపట్టే నోరు మాకు లేదు. తాగి వచ్చిన చెయ్యి ఎవరి మీద పడిందో వాళ్ళకే తెలుసు. మేం చెప్పేది ఒక్కటే. ఇటు మూస్తే అటు, అటు మూస్తే ఇటు, తాగుడు మాత్రం చీకట్లోకి పోయింది. చీకట్లోకి పోయాక గిన్నెలో ఏం వేస్తున్నారో కనబడలేదు.

అక్కడే కలుపుకోవడం పోయి కల్తీ వచ్చింది. సరిపడా చెట్లు లేని చోట కల్లు పేరుతో నీళ్ళు, చక్కెర, క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలమ్ కలిపి అమ్మారు. ఇవి నిద్రమాత్రల జాతి మందులు. రోజూ అలవాటైన మనిషికి ఒక్కసారిగా దొరక్కపోతే చేతులు వణుకుతాయి, మతి తప్పుతుంది, ఫిట్స్ వస్తాయి. సరిహద్దు అవతల మన బంధువుల ఇంట్లో ఒకతన్ని అలా మంచానికి కట్టేయాల్సి వచ్చిన రాత్రి మేం అక్కడ ఉన్నాం. "కల్లే కదా, ఒంటికి చలవ" అని ఆయన భార్యే రోజూ డబ్బులిచ్చి పంపేది. ఆ తల్లి ముఖం మరిచిపోలేం. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లుకు ప్రాణాలు పోయాయి. 2015 జూన్‌లో ముంబై మాల్వణీలో మిథనాల్ కలిసిన నాటుసారాకు వంద మందికి పైగా చనిపోయారు. పోయినవాళ్ళంతా కూలీనాలీ చేసుకునే మనలాంటి ఇళ్ళవాళ్ళే.

"మేం తాగేది సీల్ ఉన్న బీరు, మాకేం భయం" అంటారు కుర్రాళ్ళు. సరే, ఒక లెక్క చెబుతాం. మన బీరు షాపీల్లో ఎక్కువగా అమ్ముడుపోయేది స్ట్రాంగ్. 650 మిల్లీలీటర్ల సీసాలో 8 శాతం అంటే 52 మిల్లీలీటర్ల అసలు ఆల్కహాల్. విస్కీలో ఉండేది 42.8 శాతం. 60 మిల్లీలీటర్ల లార్జ్ రెండు కొడితే 51. అంటే 'ఒక్క బీరే కదా' అన్నవాడు రెండు లార్జులు తాగినట్టు లెక్క. రెండు సీసాలు తాగి బైకు ఎక్కినవాడు నాలుగు లార్జులతో ఎక్కినట్టు.

అందుకే ఆ జర్మనీ సైకిలువాడి తెలివి మనకు కావాలి. 5 శాతం మైల్డ్ బీరులో సగం నిమ్మ సోడా కలిపితే గ్లాసులో రెండున్నర శాతమే. గ్లాసు అదే, గంటసేపు చేతిలో ఉంటుంది, మాట తడబడదు. మేం ఇంట్లో చేసి చూసినవి నాలుగు చెబుతాం.

మొదటిది షాండీ. చల్లటి గ్లాసులో సగం దాకా తియ్యటి నిమ్మ సోడా పోసి, గ్లాసు వంచి పైన బీరు మెల్లగా పోయండి. గరిటెతో కలపొద్దు, గ్యాసు పోతుంది.

రెండోది మన మరాఠ్వాడా మోసంబి. ఒక వంతు తాజా రసం, రెండు వంతులు బీరు. తొక్క గట్టిగా నలిపితే చేదు దిగుతుంది, జాగ్రత్త.

మూడోది ఉప్పూ కారం గ్లాసు. అంచుకు నిమ్మ చెక్క రుద్ది, ఉప్పు, కారం, వేయించిన జీలకర్ర పొడి కలిపి అద్దండి. లోపల అర చెక్క నిమ్మరసం, ఒక చెంచా పలచటి చింతపండు రసం, ఐసు, ఆపైన బీరు. పల్లీలతో బాగుంటుంది.

నాలుగోది నన్నారి. గోధుమ బీరు దొరికితే గ్లాసుకు రెండు చెంచాల సుగంధిపాల షర్బత్. బెర్లిన్‌వాళ్ళు పండ్ల పాకంతో చేసేది మనం వేరుతో చేస్తున్నాం.

ఈ నాలుగింటిలోనూ బీరు తీసేసి సోడా పోస్తే తాగనివాళ్ళకూ అదే గ్లాసు, అదే రుచి. ఎవరి చేతిలో ఏముందని పక్కవాడు అడగాల్సిన పని ఉండదు.

చెయ్యకూడనివీ ఉన్నాయి. బీరులో విస్కీ కలపొద్దు. ఎనర్జీ డ్రింకు అసలే వద్దు, మత్తు ఎక్కినా ఎక్కనట్టు ఉంటుంది. నిద్రమాత్రలు, ఫిట్స్ మందులు, షుగరు మందులు వాడేవాళ్ళు, గర్భిణులు ముట్టుకోవద్దు. పలచనదైనా తాగి బండి నడపొద్దు. 21 నిండని పిల్లలకు మన రాష్ట్రంలో బీరు చట్టరీత్యానే లేదు.

ఇక కుర్రాళ్ళ ప్రశ్నకు జవాబు. సంఘం డబ్బుతో బీరు కొనడానికి మేం ఒప్పుకోం. పిల్లలు, ఆడవాళ్ళు, పెద్దలు ఉండే వనభోజనాల్లో అది వద్దు. గురుద్వారా ఉన్న ఊరు మనది, ఆ మర్యాద కూడా మనదే. కానీ డిక్కీ వెనక దాక్కుని స్ట్రాంగ్ సీసా గటగటా ఎత్తడం కూడా ఆపండి. తాగాలనుకుంటే ఏదైనా ఒక ఆదివారం మాలో ఎవరింటికైనా రండి. టేబుల్ మీద జగ్గు పెడతాం, మీ ముందే నిమ్మకాయ పిండుతాం, ఎంత పోస్తున్నామో చూపిస్తాం. ఇంటికి ఆటోలో పోవాలి, బండి తాళాలు వదిన చేతిలో పెట్టాలి. షరతు అదొక్కటే.

వచ్చే మీటింగులో ఈ మాట ఎజెండాలో పెట్టమని కార్యదర్శి గారిని కోరుతున్నాం. కాదనేవాళ్ళు కూడా కింద రాయండి. ముఖ్యంగా అక్కలు, వదినలు రాయాలి. వాళ్ళ మాట వినకుండా ఈ సంగతి తేల్చడం మాకు ఇష్టం లేదు.