మెయిల్ సర్వర్‌లో ఫోన్ కాల్స్ స్వీకరణ నియంత్రణ

మైక్రోసాఫ్ట్ ఎక్స్‌చేంజ్ సర్వర్ 2007 వెర్షన్ నుంచి 2016 వెర్షన్ దాకా యూనిఫైడ్ మెసేజింగ్ అనే సదుపాయం ఉండేది. సిస్టమ్ అడ్మిన్లు దాన్ని యూఎం అని పిలిచేవారు. ఉద్యోగి సీట్లో లేనప్పుడు వచ్చిన ఫోన్‌ను మెయిల్ సర్వరే ఎత్తి, గ్రీటింగ్ వినిపించి, అవతలివారు చెప్పింది రికార్డు చేసి, ఆడియో ఫైల్‌గా ఇన్‌బాక్స్‌లో వేసేది. సర్వర్ కొత్త కాల్స్ తీసుకోవాలా, మానాలా అన్నది అడ్మిన్ నిర్ణయించే సెట్టింగ్. ఈ వ్యాసం ముఖ్యంగా 2007, 2010 వెర్షన్లలో అది పనిచేసిన తీరు గురించి.

కాల్ సర్వర్ దాకా చేరే దారి ఇలా ఉంటుంది. ఎక్స్‌టెన్షన్ మోగి మోగి ఎవరూ ఎత్తకపోతే ఆఫీసు లోపలి ఫోన్ వ్యవస్థ అయిన పీబీఎక్స్ ఆ కాల్‌ను వాయిస్ మెయిల్‌కు కేటాయించిన నంబర్‌కు మళ్లిస్తుంది. అక్కడి ఐపీ గేట్‌వే దాన్ని సిప్ ప్రోటోకాల్‌లోకి మార్చి టీసీపీ మీద యూఎం సర్వర్‌కు పంపుతుంది. 5060 పోర్టు దగ్గర వినే యూఎం సర్వీసు తాను మాట్లాడదు. 5065 లేదా 5067 పోర్టులో ఉన్న వర్కర్ ప్రాసెస్ దగ్గరికి వెళ్లమని గేట్‌వేకు చెబుతుంది. గ్రీటింగ్ వినిపించడం, రికార్డు చేయడం, పిన్ అడగడం అన్నీ ఆ వర్కర్ పనులే. రికార్డయిన మాట 2007లో డబ్ల్యూఎంఏ ఫైల్‌గా వచ్చేది, 2010 నుంచి మామూలుగా ఎంపీ3గా వచ్చింది.

యూఎం రోల్ ఇన్‌స్టాల్ చేయగానే సర్వర్ ఎనేబుల్ స్థితిలోనే ఉంటుంది. అయినా ఫోన్ ఎత్తదు. దాన్ని ఏదో ఒక డయల్ ప్లాన్‌కు, అంటే ఎక్స్‌టెన్షన్ నంబర్ల అమరికకు, చేర్చాలి, ఆ ప్లాన్‌కు గేట్‌వే కలిసి ఉండాలి. కొత్తగా పెట్టిన సర్వర్ కాల్స్ తీసుకోవడం లేదంటే మొదట చూడాల్సింది ఇదే. ఆపాలంటే మేనేజ్‌మెంట్ కన్సోల్‌లో ఒక క్లిక్కు, లేదా షెల్‌లో డిజేబుల్-యూఎంసర్వర్ కమాండ్ చాలు. తిరిగి మొదలుపెట్టడానికి ఎనేబుల్-యూఎంసర్వర్ ఉంది.

ఆపే పద్ధతులు రెండు. ఒకటి వెంటనే ఆపడం: సాగుతున్న కాల్స్ అన్నీ అక్కడికక్కడే తెగిపోతాయి. రెండోది, నడుస్తున్న కాల్స్ ముగిసేదాకా ఆగడం: సర్వర్ కొత్తవాటిని ఒప్పుకోదు కానీ లైన్లో ఉన్నవారిని కదిలించదు. కమాండ్‌లోని ఇమ్మీడియట్ అనే పారామీటర్‌కు ఇచ్చే విలువే ఈ తేడా తెస్తుంది. ప్యాచ్ వేయడానికో, హార్డ్‌వేర్ మార్చడానికో సర్వర్‌ను పక్కకు తీసేటప్పుడు రెండో పద్ధతే సరైనది. మొదటిది సర్వర్ మొండికేసినప్పుడు మాత్రమే వాడాలి.

ఇంత పట్టింపు ఎందుకంటే మెయిల్‌కూ ఫోన్‌కూ ఓపికలో చాలా తేడా ఉంది. అవతలి మెయిల్ సర్వర్ పలకకపోతే పంపే సర్వర్ ఉత్తరాన్ని క్యూలో ఉంచుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. కనీసం నాలుగైదు రోజులు ప్రయత్నించాలని ఎస్‌ఎంటీపీ ప్రమాణమే చెబుతుంది. ఫోన్ చేసిన మనిషికి అలాంటి క్యూ లేదు. ఆసుపత్రికో బ్యాంకుకో ఫోన్ చేసి, తన సంగతి సగం చెప్పాక లైన్ తెగితే, ఆ మనిషి మళ్లీ చేస్తాడన్న భరోసా లేదు. అందుకే మెయిల్ సర్వర్‌ను ఆపే అలవాటుతో యూఎం సర్వర్‌ను ఆపకూడదు. ఒకే డయల్ ప్లాన్‌లో రెండు సర్వర్లు పెట్టి, గేట్‌వేలో రెండింటి చిరునామాలూ ఇస్తే, ఒకటి ఆగినప్పుడు గేట్‌వే రెండోదాన్ని ప్రయత్నిస్తుంది.

నడుస్తున్న కాల్స్ ముగిసేదాకా ఆగే ఈ మర్యాదను ఎక్స్‌చేంజ్ తన లోపలి పనుల్లోనూ పాటించింది. మామూలు సెట్టింగుల్లో వర్కర్ ప్రాసెస్‌ను యూఎం సర్వీసు ఏడు రోజులకోసారి మార్చేస్తుంది. కొత్త వర్కర్ రెండో పోర్టులో లేచి కొత్త కాల్స్ అందుకుంటుంది, పాతది తన దగ్గరున్న కాల్స్ ముగించుకుని తప్పుకుంటుంది. వర్కర్‌కు రెండు పోర్టులు ఉండడానికి కారణం ఇదే.

సర్వర్ మొత్తాన్ని ఆపకుండానే కాల్స్‌ను అదుపు చేసే మార్గాలు వేరే ఉన్నాయి. ఒక్క గేట్‌వేనే ఆపవచ్చు. దానికీ వెంటనే, ముగిశాక అనే రెండు పద్ధతులున్నాయి. కాల్ చేసినవారికి మెనూ వినిపించే ఆటో అటెండెంట్‌ను ఆపవచ్చు, ఒకే ఉద్యోగి మెయిల్‌బాక్స్‌కు యూఎం తీసేయవచ్చు. ఏకకాలంలో తీసుకునే కాల్స్‌కు పరిమితి కూడా ఉంది. మామూలుగా అది 100. సర్వర్ టీసీపీలో వినాలా, ఎన్‌క్రిప్షన్ ఉన్న టీఎల్‌ఎస్‌లోనా, రెండింటిలోనా అన్న స్టార్టప్ మోడ్ మారిస్తే సర్వీసును రీస్టార్ట్ చేయాల్సిందే. ఆ పనికి ముందు కూడా కాల్స్ ముగిసేదాకా ఆగడం అవసరం.

2013 వెర్షన్‌లో యూఎం ప్రత్యేక రోల్‌గా ఉండడం మానేసింది. గేట్‌వే నుంచి వచ్చే కాల్‌ను క్లయింట్ యాక్సెస్ సర్వర్‌లోని కాల్ రౌటర్ అందుకుని మెయిల్‌బాక్స్ సర్వర్‌కు మళ్లించేది. యూఎంకు విడిగా భాషా ప్యాకులు ఉండేవి. వాటిలో తెలుగు లేదు, కాబట్టి సర్వర్ పలికే మెనూలు తెలుగులో వినే వీలు దానితో రాలేదు. 2018లో విడుదలైన ఎక్స్‌చేంజ్ 2019 నుంచి యూఎంను పూర్తిగా తొలగించారు. వాయిస్ మెయిల్ పనిని మైక్రోసాఫ్ట్ క్లౌడ్ సేవ చేపట్టింది. యూఎం ఉన్న చివరి వెర్షన్ ఎక్స్‌చేంజ్ 2016కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది.