బోనాలు: డోలీ బోయీ నుంచి ప్రభుత్వ లాంఛనాల దాకా

బోనాల పండుగ మీద మన పత్రికల్లో రెండు రకాల రాతలు కనిపిస్తుంటాయి. ఒకటి దాన్ని అనాది సంప్రదాయమని కీర్తిస్తుంది. రెండోది మూఢవిశ్వాసమని తోసిపుచ్చుతుంది. రెండింటికీ చరిత్రతో పనిలేదు. ఈ పండుగను ఎవరు, ఏ పరిస్థితుల్లో నిలబెట్టారు, అది ఎవరి చేతుల్లోకి పోయింది అన్నవే మనకు ముఖ్యమైన ప్రశ్నలు.

'భోజనం' అన్న మాటే బోనమైంది. ఈ వ్యుత్పత్తిని తరగతిలో చెప్పి ఊరుకుంటే చాలదని తెలుగు పంతులుగా నా అభిప్రాయం. కొత్తకుండలో అన్నం వండి, వేపమండలు కట్టి, పైన దీపం వెలిగించి, స్త్రీలు తలకెత్తుకొని అమ్మవారికి సమర్పిస్తారు. వానలతో పాటు అంటువ్యాధులూ వచ్చే ఆషాఢంలో ఇది జరగటం యాదృచ్ఛికం కాదు.

ఈ ఆచారం నగరంలో పొందిన రూపానికి సికిందరాబాదు మంచి ఉదాహరణ. నిజాం 1798లో ఆంగ్లేయులతో సైన్యసహకార ఒప్పందం చేసుకున్నాడు. ఆ తర్వాత 1806లో సికిందర్ జా పేరిట వెలసిన దండు ఊరు ఇది. సురిటి అప్పయ్య సైన్యంలో డోలీ మోసేవాడు. 1813లో ఉజ్జయినిలో ఉండగా కలరా సోకిందనీ, అది తగ్గితే గుడి కడతామని అతడూ తోటివారూ మహంకాళికి మొక్కుకున్నారనీ, 1815లో తిరిగివచ్చి కొయ్యవిగ్రహం నిలిపారనీ ఆలయ కథనం. 1864లో రాతివిగ్రహం వచ్చింది.

ఈ కథలో మహిమ కన్నా గమనించవలసింది మరొకటుంది. పాలకుల సైనిక అవసరం ఒక శ్రామికుణ్ణి ఉజ్జయిని దాకా నడిపించింది. కలరా క్రిమిని కాక్ గుర్తించింది 1883-84లలో. అప్పయ్యకు అందుబాటులో ఉన్నది మొక్కు ఒక్కటే.

1908 సెప్టెంబరులో మూసీ వరద వేలమందిని బలిగొంది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ నదికి పూజాద్రవ్యాలు సమర్పించి శాంతి చేయించాడన్న కథ లాల్‌దర్వాజా బోనాలతో ముడిపడింది. విపత్తులో ప్రభువు ప్రజల ఆచారం ముందు తలవంచాడని జనం చెప్పుకున్నారు. వరదను అడ్డుకొనేందుకు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు తర్వాత కట్టారు. ఆనకట్టలు వచ్చినా పండుగ ఆగలేదు. భయం తగ్గేకొద్దీ అది వాడకట్టు జనం ఏడాదికొకసారి కలుసుకునే సందర్భంగా మారింది.

2014లో తెలంగాణ ఏర్పడ్డాక బోనాలు రాష్ట్ర పండుగ అయ్యాయి. గోలకొండలో మొదలై, సికిందరాబాదు మీదుగా పాతనగరం చేరే ఈ వరుసలో ఇప్పుడు ప్రభుత్వం పట్టువస్త్రాలు సమర్పిస్తుంది. రంగం నాడు పచ్చికుండ మీద నిలబడి స్త్రీ పలికే భవిష్యవాణిని మంత్రులూ అధికారులూ వింటారు. టెలివిజన్లు ప్రసారం చేస్తాయి. చిన్నచూపుకు గురైన జనసంస్కృతికి దక్కిన ఈ గౌరవాన్ని నేను ఆహ్వానిస్తాను. కాని గౌరవం దక్కింది పండుగకా, పండుగ చేసినవారికా? కుండ చేసే కుమ్మరి, డప్పు కొట్టే కళాకారుడు, బోనమెత్తే కూలి స్త్రీ ఆ ప్రసారంలో దృశ్యంగా కనిపిస్తారే గాని వ్యక్తులుగా వినిపించరు.

అప్పయ్య పేరు మిగలటం విశేషమే. అతని తోటి బోయీలు మాత్రం సాధారణంగా చెప్పే కథలో 'తోటివారు'గానే ఉండిపోయారు. సాహిత్య విద్యార్థులు బోనాల పాటలు సేకరించేటప్పుడు పాడినవారి పేరు, వృత్తి, వాడ కూడా రాసుకోవాలి. ఆ పని ఈ ఆషాఢంలోనే మొదలుపెట్టవచ్చు.