జెనోమార్ఫ్: రాయి నుంచి రాకాసి దాకా

రెబెలియన్ సంస్థ 1999లో కంప్యూటర్లకు తెచ్చిన 'ఏలియన్స్ వర్సెస్ ప్రెడేటర్' షూటింగ్ ఆటలో మూడు జాతుల్లో దేనిగానైనా ఆడొచ్చు. మనిషి సైనికుడికి తుపాకులున్నాయి, ప్రెడేటర్‌కు కంటికి కనపడకుండా పోయే విద్య ఉంది. మూడోదైన ఏలియన్‌కు గోళ్లు, తోక, పళ్లే ఆయుధాలు. గోడల మీద, పైకప్పు మీద పాకుతూ వచ్చి మీద పడుతుంది. అభిమానులు దాన్ని జెనోమార్ఫ్ అంటారు.

ఈ జీవి కనిపించే 1979 నాటి 'ఏలియన్' సినిమాలో ఈ పేరు లేదు. 1986లో జేమ్స్ కామెరాన్ తీసిన 'ఏలియన్స్'లో లెఫ్టినెంట్ గోర్మన్ నోట వినిపిస్తుంది. ఆయన ఉద్దేశం ఏదో ఒక గ్రహాంతర జీవి అని మాత్రమే. జనం దాన్ని ఆ జీవికి సొంత పేరు చేసేశారు.

గ్రీకులో 'జెనోస్' అంటే పరాయివాడు, అతిథి కూడా. 'మోర్ఫే' అంటే రూపం. ఈ జంట సినిమాకు చాలా ముందే భూగర్భశాస్త్రంలో ఉంది. శిలాద్రవం చల్లారేటప్పుడు ఆలస్యంగా గట్టిపడే ఖనిజానికి సొంత ఆకారం దక్కదు. పక్క స్ఫటికాలు వదిలిన సందుల్లోనే సర్దుకోవాలి. అలాంటిదాన్ని జెనోమార్ఫిక్ అన్నారు. గ్రానైట్‌లో క్వార్ట్జ్ తరచూ ఇలాగే ఉంటుంది.

నాకు ఈ రాతి అర్థమే ఎక్కువ ఇష్టం. ఎందుకంటే ఆ జీవికీ అది చక్కగా అతుకుతుంది: ఏ ప్రాణి ఒంట్లో పెరిగితే ఆ పోలికలు తెచ్చుకుంటుంది. ఆటలో ఎదురయ్యే ప్రెడేలియన్ అలా ప్రెడేటర్ ఒంట్లోంచి పుట్టిందే.